ఉప్పుబుడ్డి వెనక నిమ్మకాయ

మొన్న శుక్రవారం మర్వా మా గదికి వచ్చింది. చంకలో పాత తువ్వాలుతో చుట్టిన మూట. మంచం మీద పెట్టి విప్పితే లోపల హాజ్జా గారి జబనా. సూడాన్ వాళ్ళు కాఫీ పోసుకునే మట్టి కూజాని జబనా అంటారు. గుండ్రటి పొట్ట, సన్నటి మెడ, పొడి జారకుండా మూతిలో ఈతనార కుక్కి ఉంటుంది. "నానమ్మ పోయేముందు ఇది నీకే ఇమ్మంది ఖాల్తీ," అంది. ఖాల్తీ అంటే వాళ్ళ భాషలో పిన్ని. పసిపిల్లగా నా చంకనెక్కినప్పటి నుంచీ నన్ను అలాగే పిలుస్తుంది. కూజా మెడ దగ్గర ముక్కు పెట్టి చూశాను. కడిగి ఎన్నాళ్ళయిందో గానీ మాడిన కాఫీ గింజ, దంచిన శొంఠి, దాని వెనక సన్నగా సాంబ్రాణి వాసన అలాగే ఉన్నాయి. దోహాలో ఉమ్ ఘువైలినా పేటలో ఈ ఇరుకు గదిలో కూర్చున్నదాన్ని ఒక్కసారిగా వాళ్ళ వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ వంటింట్లోకి వెళ్ళడమంటే నాకు సంతోషమూ, భయమూ కూడా.

నేను కోనసీమ మనిషిని. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది గానీ చూసింది మర్చిపోయే అలవాటు లేదు. దోహా వచ్చేనాటికి నాకు వంట తప్ప ఏమీ తెలియదు. నన్ను వంటకి పెట్టుకున్నది ఒక సూడాన్ కుటుంబం. ఇంటాయన్ని అందరూ ఉస్తాద్ అనేవారు, నేనూ అలాగే అన్నాను. ఆయన తల్లి హాజ్జా. ఉస్తాద్ భార్య కాన్పులోనే పోయింది, ఆ కాన్పులో పుట్టిన పిల్లే ఈ మర్వా. హాజ్జా మాట్లాడేది అరబిక్కే. ఏళ్ళు గడిచాక ఆవిడ మాటలన్నీ నా జ్ఞాపకంలో మా గోదావరి మాటలుగానే మిగిలిపోయాయి, అందుకే అలాగే రాస్తున్నాను.

మధ్యాహ్నం నిద్ర లేచాక ఆ ఇంట్లో కాఫీ ఒక క్రతువు. హాజ్జా చిన్న మూకుట్లో పచ్చి గింజలు వేసి తనే వేయించేది, నన్ను ముట్టనిచ్చేది కాదు. పొగ లేచేటప్పుడు మూకుడు తెచ్చి అందరి ముక్కుల దగ్గరా తిప్పేది. "వాసన చూడని వాడికి కాఫీ లేదు," అనేది. గింజలు దంచేటప్పుడు రోకలి దెబ్బలు ఒక వరసలో పడాలి. నేను దంచితే వరస తప్పేది. "ఏమే సత్తియా, ఎవరి మీద కోపం రోకలి మీద తీరుస్తున్నావ్?" అని నవ్వేది. సత్యవతి అనే పేరు ఆవిడ నోట్లో సత్తియా అయిపోయింది. వాళ్ళు ఎండబెట్టిన బెండకాయ పొడి చేసి కూర చేసుకునేవారు. మా ఊళ్ళో ఎండబెట్టే వరుగులు గుర్తొచ్చి మొదటిరోజే ఏడ్చాను. హాజ్జా దాన్ని తప్పుగా అర్థం చేసుకుని, నచ్చలేదేమోనని నా కోసం గుడ్లు వేయించింది.

ఉస్తాద్ కోర్టులో పని చేసేవారు. జడ్జీ కాదు, వకీలూ కాదు. మరేమిటో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒక రంజాన్ నెలలో ఆయనే చెప్పారు. ఉపవాసం ఉన్నవాళ్ళు కూర రుచి చూడకూడదు కదా, అందుకని ఆ నెలంతా ఉప్పు చూసే పని నాది. సాయంత్రం హాజ్జా గరిటెతో ఒక చుక్క నా అరచేతిలో వేసేది. "చాలలేదు" అంటే వేసేది, "సరిపోయింది" అంటే దించేది. అది చూసి ఉస్తాద్ గుమ్మంలో నిలబడి నవ్వారు. "నీ ఉద్యోగమూ నా ఉద్యోగమూ ఒకటే సత్తియా. కేసు కాగితాలన్నీ నేను చదువుతాను. చట్టం ఏమంది, ఇలాంటి కేసుల్లో పై కోర్టులు ఏమన్నాయి, ఏ సాక్ష్యం ఉంది, ఏది లేదు, అంతా చూసి జడ్జీగారికి రాసిస్తాను. ఉప్పు తక్కువైందని చెప్పడం వరకే నా పని. దించేదీ వడ్డించేదీ ఆయన," అన్నారు. హాజ్జా వెంటనే, "దీనికైతే రుచి తెలుసు, నీకు ఏం తెలుసురా?" అంది.

ఆ ఇంటికి ఒక కట్టుబాటు ఉండేది. ఏ కేసు గురించీ ఆయన చెవిన ఎవరూ ఏ మాటా వెయ్యకూడదు. కాగితంలో ఉన్నదీ, కోర్టు గదిలో అందరి ముందూ చెప్పినదీ తప్ప వేరేది వినకూడదట. ఖర్జూరం డబ్బాలు పట్టుకుని ఎవరెవరో తలుపు దాకా వచ్చేవారు. హాజ్జా తలుపు సందులోంచే మంచినీళ్ళిచ్చి పంపేసేది. ఉస్తాద్ ఫైళ్ళు ఇంటికి తెచ్చేవారు కాదు. కానీ తలలో తెచ్చేవారు. అన్నం తిని చేయి కడుక్కున్నాక బల్ల మీద వస్తువులు జరుపుతూ కూర్చునేవారు. ఏదైనా పంచాయితీ తలలో తిరుగుతుంటే స్పూన్లు సరిహద్దు గోడలయ్యేవి, బ్రెడ్డు ముక్క ఇల్లయ్యేది. నేను బల్ల తుడవడానికి నిలబడితే, "మాఫీ, మాఫీ," అంటే లేదు లేదని, "ఇంకా కాలేదు," అనేవారు.

ఆ రోజుల్లో ఒక వారం పాటు ఆయన బల్ల మీద మూడే వస్తువులు. ఉప్పుబుడ్డి, దాని వెనక ఒక గ్లాసు, ఒక నిమ్మకాయ. ఉప్పుబుడ్డిని మెల్లగా వెనక్కి జరిపి గ్లాసుకి తగిలించేవారు. మళ్ళీ ముందుకి తెచ్చేవారు. తర్వాత నిమ్మకాయ తీసి ఉప్పుబుడ్డి వెనక, పక్కగా పెట్టేవారు. దాన్ని చూసేవారు, తీసేసేవారు, అరచేతిలో పట్టుకుని బల్లంతా వెతికినట్టు చూసేవారు. ఒకరోజు నవ్వొచ్చి, "నిమ్మకాయ పిండమంటారా?" అన్నాను. "దాన్ని ఎక్కడ పెట్టాలో తెలిస్తే పిండేద్దువులే," అన్నారు.

శుక్రవారం నాకు సెలవు. అల్ దోహా అల్ జదీదాలో మనవాళ్ళ సరుకుల కొట్టుకి వెళ్ళి కరివేపాకు, గోంగూర దొరికితే తెచ్చుకునేదాన్ని. అక్కడే లింబాద్రి పరిచయం. నిజామాబాద్ వైపు మనిషి, కంపెనీలో టిప్పర్ నడిపేవాడు. చెయ్యెత్తు మనిషే గానీ మాట మాత్రం గొణుగుడు. నేను కోర్టాయన ఇంట్లో వంట చేస్తానని కొట్టువాడు చెప్పాడట. ఆ శుక్రవారం బియ్యం బస్తాల పక్కన నన్ను ఆపాడు.

"అక్కా, జర నా మాట ఇను. నా మీద కేసున్నది. టిప్పర్ ఎనుకకు తీస్తుంటే మనిషి కింద పడ్డడు. పడ్డోడు ఎవలో కాదక్కా, మా బామ్మర్ది నర్సయ్య. నా పెండ్లాం తమ్ముడు. నేనే వీసా పెట్టించి తెచ్చిన."

చేతిలో కరివేపాకు బస్తా మీద పెట్టేశాను.

"రివర్స్ తీసేటప్పుడు ఎనుక ఫ్లాగ్‌మెన్ ఉండాలె. చెయ్యి ఊపితెనే మేం తీస్తం. గా దినం ఆణ్ణి ఫోర్‌మెన్ సిమెంట్ దించనీకి పంపిండు. ఎవలు లేరు. యల్లా యల్లా అని నన్ను తొందరవెట్టిండు. నాకు ఎనుక ఏం కనవడలే."

"మరి ఈ మాట కోర్టులో చెప్పావా తమ్ముడూ?"

"ఎట్ల చెప్తనక్కా? పోలీసులు అడిగినప్పుడు ఫోర్‌మెన్ పక్కనే ఉండె. వాయిదా నాడు గూడ వచ్చి ముంగటనే కూసుంటడు. క్యాంప్‌ల నా తోటోళ్ళు ఇరవై మంది ఆని కిందనే పని చేస్తున్నరు. జడ్జి సాబ్ మళ్ళ అడుగుతడట, ఇంకేమన్న చెప్పుకునేదున్నదా అని. గీ లోపట నువ్వు మీ సార్ చెవుల ఒక్క మాటెయ్యి. జైలుకు పోతె పోత. ఇంటికాడ నా పెండ్లాం రాజవ్వ నాతోటి మాట్లాడుతలేదు. ఫోన్ చేస్తె బిడ్డకిస్తది. ఆమెకు ఏ గల్ఫ్ దేశమైన దుబాయే, దుబాయ్ కోర్టు ఏమంటదో అదే నమ్ముతా అన్నది. గా కోర్టు నోట్లకెళ్ళి రావాలె, నర్సయ్యను నేను సంపలేదని."

వెళ్ళేటప్పుడు సంచిలోంచి ఒక పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. వాళ్ళ చేలో పండిన పసుపు. వద్దన్నాను. "పసుపు వద్దనొద్దక్కా," అన్నాడు. పసుపు వద్దనడం మన ఆడవాళ్ళకి చేతనైన పని కాదు. తీసుకున్నాను.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మకి ప్రెసిడెంటుగారితో పని పడితే ఏనాడూ వీధి గుమ్మంలోంచి వెళ్ళలేదు. నాలుగు ములక్కాడలు కొంగున కట్టుకుని పెరటి గుమ్మం దగ్గర నిలబడేది. ప్రెసిడెంటుగారి భార్య కూర తరుగుతూ వినేది, రాత్రి అన్నం వడ్డిస్తూ ఆయనతో అనేది, పని అయిపోయేది. మా వీధిలో ఆడవాళ్ళందరికీ అదే దారి. వీధిలో నిలబడి గొంతెత్తేవాడికి ఏ పనీ కాదని, వంటింట్లోంచి వెళ్ళిన మాటే లోపలికి దిగుతుందనేది నేను పాలతో పాటు తాగిన తెలివి. ఇంటి కట్టుబాటు నాకు తెలియక కాదు. అది ఖర్జూరం డబ్బాల వాళ్ళకి అనుకున్నాను. నేను ఇంటి మనిషిని కదా అనుకున్నాను.

ఆ మర్నాడు చేపల పులుసు పెట్టాను. ఉస్తాద్‌కి మన పులుసంటే ప్రాణం. లింబాద్రి ఇచ్చిన పసుపే వేశాను. మంచి పసుపు, ఇల్లంతా వాసన వచ్చింది. ఆయన రెండు ముద్దలు తిని, "ఈవేళ కొత్తగా ఉందే," అన్నారు. అదే అదనని, నీళ్ళు పోస్తూ మొదలుపెట్టాను. "మా దేశపు పిల్లాడొకడు ఉస్తాద్, టిప్పర్ నడుపుతాడు. బావమరిది పోయాడు. ఆ రోజు వెనక జెండా పట్టుకునే మనిషిని..."

"ఆగు," అన్నారు. నేను ఆగలేదు. ఒక్క గుక్కలో మిగతాదీ చెప్పేశాను. ఆగితే మళ్ళీ చెప్పలేనని భయం.

ఉస్తాద్ కోప్పడలేదు. చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు. "అతను నీకేమైనా ఇచ్చాడా?" అని అడిగారు.

"పసుపు."

"ఇందులో ఉందా?"

తల ఊపాను. కంచం నెమ్మదిగా అవతలికి జరిపి బ్రెడ్డు ముక్క ఒకటి తీసుకున్నారు. నమలడం కూడా కష్టమైనట్టు నమిలారు. కాసేపయ్యాక, "సత్తియా, ఆ మాట నాకు చెప్పాల్సింది కాదు. జడ్జీగారు అడిగినప్పుడు అతనే పైకి చెప్పాలి. అందరూ వినేలా చెప్పాలి. ఆ సంగతి అతనికి చెప్పు," అన్నారు. లేచి చేయి కడుక్కుంటూ, "ఈ కేసు రేపటి నుంచి నా దగ్గర ఉండదు," అన్నారు.

బల్ల తుడవడానికి వెళ్ళాను. ఉప్పుబుడ్డి, గ్లాసు పక్కపక్కనే ఉన్నాయి. నిమ్మకాయ ఆయన కుర్చీ ముందు ఒంటరిగా ఉంది. అది చూశాక అర్థమైంది. వారం రోజులుగా ఆయన వెతుకుతున్నది ఆ జెండా మనిషినే. ఉప్పుబుడ్డి టిప్పర్ అయితే దాని వెనక నిలబడాల్సిన మనిషి కాగితాల్లో ఎక్కడా లేడని ఆయనకి ముందే తట్టింది. నేను నోరు మూసుకుని ఉంటే ఆ నిమ్మకాయ ఎక్కడని ఆయనే జడ్జీగారికి రాసేవారేమో. తలుపులన్నీ వేసుకుని నిజాయితీగా వెతుక్కుంటున్న మనిషిని వంటింట్లోంచి వెళ్ళి చెయ్యి పట్టి ఆపేశాను.

మర్నాడు ఆయన జడ్జీగారికి ఉన్నదున్నట్టు చెప్పి ఫైలు తిరిగి ఇచ్చేశారు. అది వేరే ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆ వేరే ఆయన చెడ్డవాడని నేననను, నాకు తెలియదు. ఆయన ఇంట్లో నిమ్మకాయలు జరిపారో లేదో కూడా తెలియదు. హాజ్జా మాత్రం రెండు రోజులు నన్ను కాఫీ దంచమనలేదు. మూడోనాడు రోకలి నా చేతికిచ్చి, "వాడికి నీ మీద కోపం లేదే. కోపం వస్తే నయం, నాలుగు తిట్టి మర్చిపోయేవాడు. నిన్ను ముందే కూర్చోబెట్టి ఎందుకు చెప్పలేదా అని తనని తానే తినేస్తున్నాడు," అంది.

ఇంతవరకూ జరిగినదాన్ని తెలివితక్కువతనం అనొచ్చు. దాని తర్వాత చేసినదానికే నాకు ఇవాళ్టికీ పేరు దొరకదు. తర్వాతి శుక్రవారం కొట్టు దగ్గర లింబాద్రి నా కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. నన్ను చూడగానే మొహం విప్పారింది. "చెప్పినవా అక్కా?"

"చెప్పాను."

"ఇన్నడా?"

"విన్నారు."

అంతే చెప్పాను. ఫైలు చేతులు మారిందని చెప్పలేదు. నువ్వే పైకి చెప్పాలట అన్న మాట గొంతు దాకా వచ్చింది. అది చెబితే, ఎందుకని అడుగుతాడు. అడిగితే, నీ పని నేనే చెడగొట్టానని చెప్పాలి. వాడి మొహంలో ఆ వెలుగు చూస్తూ ఆ మాట అనలేకపోయాను. వచ్చేవారం చెబుదామనుకున్నాను. ఈలోపే వాయిదా రోజు వచ్చేసింది. జడ్జీగారు ఇంకేమైనా చెప్పుకుంటావా అని అడిగితే, లింబాద్రి లేదన్నాడట. పెద్దాయనకి మాట చేరిపోయింది కదా, మళ్ళీ ఫోర్‌మెన్ ముందు నోరెందుకు చేసుకోవాలి అనుకున్నాడు. నేనైనా అదే అనుకునేదాన్ని, మా అమ్మైనా అదే అనుకునేది. తప్పు డ్రైవర్‌దే అని తీర్పు వచ్చింది. కొన్నాళ్ళు జైలు, ఆ తర్వాత దేశానికి పంపెయ్యడం.

పంపెయ్యడానికి ముందు ఒకసారి ఫోన్ చేశాడు. "నీ తప్పేం లేదక్కా. గింత పెద్ద ఊర్ల నా మాట ఇన్నది నువ్వొక్కదానివే," అన్నాడు. నేను ఏడిస్తే, వాడి కోసం ఏడుస్తున్నాననుకుని వాడే నన్ను ఓదార్చాడు.

అప్పట్నుంచీ ఏటా పసుపు వస్తుంది. వాళ్ళ ఊరివాడెవడో సెలవు నుంచి తిరిగొస్తూ పొట్లం తెచ్చిస్తాడు, "లింబాద్రన్న అక్కకియ్యమన్నడు," అని. పసుపుతో పాటు ఇంటి కబురూ వస్తుంది. రాజవ్వ మొగుడికి అన్నం వండుతుందట, బట్టలుతుకుతుందట, మాట మాత్రం లేదట. "మీ నాయన్ని తినమను," అని కూతురితో చెప్పిస్తుందట. ఈ ఏడు పొట్లం తెచ్చిన కుర్రాడు చెప్పింది మరీ లోతుగా దిగింది. "అన్న ఎన్నిసార్లు చెప్పినా వదినె నమ్మదక్కా. ఎనుక ఫ్లాగ్‌మెన్ లేడన్నది నిజమే అయితె కోర్టుల ఎందుకు నోరు తెరవలే అని బిడ్డతోటి అడిగిస్తది. గా మాటకు అన్న తల దించుకుంటడు." ఆ పసుపుని నేను వంటలో వెయ్యలేను, పారెయ్యనూ లేను. పక్క గదుల వాళ్ళకి పంచేస్తాను. మంచి పసుపు, ఎక్కడ తెచ్చావని అడుగుతారు.

ఉస్తాద్ పోయి చాలాకాలమైంది. వెస్ట్ బేలో ఇప్పుడు నేను వంట చేసేది హైదరాబాద్ వాళ్ళింట్లో. వాళ్ళ మేడ మీంచి చూస్తే, అప్పుడు ఖాళీగా ఉన్న చోట్లన్నీ అద్దాల మేడలే. అప్పట్లో కోర్టు ఎటో కూడా తెలియక క్యాంప్‌లలో బిక్కచచ్చిపోయేవారు. ఇప్పటి పిల్లలు ఫోన్లోనే ఫిర్యాదు పెడుతున్నారు. అన్నీ మారాయి గానీ పెరటి గుమ్మం మారలేదు. మర్వా ఇప్పుడు తండ్రి చేసిన ఉద్యోగమే, అలాంటి కోర్టులోనే చేస్తోంది. ఆ సంగతి తెలిసి కొట్టు దగ్గర ఎవరో ఒకరు, "మీ మర్వామ్మ చెవిన ఒక మాట వెయ్యి పెద్దమ్మా," అంటూనే ఉంటారు. "నాకు చెప్పకు నాయనా. కోర్టులో చెప్పు. గట్టిగా చెప్పు," అంటాను. గయ్యాళిదని పేరొచ్చింది. రానీ.

మొన్న జబనాలో కాఫీ కాచి మర్వాకి పోశాక, ఇన్నేళ్ళూ అడగలేనిది అడిగాను. ఉప్పుబుడ్డి, గ్లాసు, నిమ్మకాయ, పసుపు, అన్నీ చెప్పాను. చివరికి, "నేను నోరు విప్పకపోతే తీర్పు వేరేగా వచ్చేదా తల్లీ?" అన్నాను. లేదులే ఖాల్తీ, నీ వల్ల ఏం కాలేదు అంటుందని ఆశ. నేను పెంచిన పిల్ల కదా, ఆ మాత్రం అంటుందనుకున్నాను.

మర్వా కప్పు కింద పెట్టింది. అచ్చం తండ్రిలాగే, ఎక్కడ పెడుతున్నానా అని చూసి మరీ పెట్టింది. "ఆ ఫైలు నేను చదవలేదు ఖాల్తీ. చదవనిదాని మీద మాట చెప్పలేను," అంది. నా మొహం చూసి చేయి పట్టుకుంది గానీ మాట మార్చలేదు. "నువ్వు చూసిందేదో నీకు తెలుసు. చూసినంతవరకూ చెప్పగలిగేది నువ్వొక్కదానివే. అది నాకెందుకు చెబుతున్నావ్?"

మర్వా వెళ్ళిపోయాక ఎండ ఇంకా ఉంది. పసుపు తెచ్చిన కుర్రాడిని అడిగి లింబాద్రి ఇంటి నంబరు తీసుకున్నాను. రాజవ్వే ఎత్తింది. ఆవిడ గొంతు వినడం అదే మొదలు.

"ఎవలు?"

"దోహా నుంచమ్మా. మీ ఆయన పసుపు పంపిస్తాడే, ఆ సత్యవతిని."

"ఆయన గొడ్ల కాడున్నడు. పిలిపిస్త."

"వద్దు. నీతోనే మాట." అప్పుడు చెప్పాను. చూసింది చెప్పాను, చూడనిది చెప్పలేదు. మీ ఆయన తీర్పుకి ముందే, బియ్యం బస్తాల పక్కన నిలబడి, వెనక మనిషిని పంపేశారని నాతో చెప్పాడన్నాను. కోర్టు కాగితాలు చదివే ఆయన బల్ల మీద ఆ మనిషి కోసం వెతికినట్టే నాకు అనిపించిందన్నాను. నా నోటి వల్ల ఆయన ఆ కేసు వదిలేశారన్నాను. ఆ తర్వాత, "నువ్వే కోర్టులో చెప్పు అని మీ ఆయనకి చెప్పమన్నారు తల్లీ. నేను చెప్పలేదు. చెప్పేశాను, విన్నారు అన్నాను. ఆ మాట పట్టుకునే అతను నోరు తెరవలేదు," అన్నాను.

అవతల ఎక్కడో గిన్నె మీద మూత కదులుతోంది.

"గీ మాట ఇన్నొద్దులు నీ కడుపులనే పెట్టుకున్నవా?" అంది. తిట్టినట్టు లేదు, నిజంగానే అడిగినట్టు ఉంది.

"పెట్టుకున్నానమ్మా."

"నా ఇంట్ల మాట లేక ఎన్నేండ్లాయె, ఎరుకేనా నీకు?"

"ఎరికే."

నన్ను క్షమించానని అనలేదు, అనాలని నేను అడగలేదు. ఫోన్ ఎక్కడో పెట్టేసింది గానీ కట్ చెయ్యలేదు. అడుగుల చప్పుడు, తలుపు తీసిన చప్పుడు. కూతుర్ని పిలుస్తుందనుకున్నాను.

"ఏమయ్యో," అంది రాజవ్వ, బయటికి గొంతెత్తి. "గొడ్లను ఇడిసిపెట్టి ఇటు రా. నీతోని మాటున్నది."

నేను ఫోన్ పెట్టేశాను. ఆ మాట వినే హక్కు నాకు లేదు.